మట్టం 14

ఈ సంగతి రాసిపెట్టాలని నాకు మొన్నటిదాకా తోచలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాస్తే చిక్కు అనుకున్నాను. రిటైరయ్యాక ఎవరు చదువుతార్లే అనుకున్నాను. చివరికి నాచేత రాయించింది ఒక ఆడపిల్ల.

భిలాయి సెక్టర్ 2లో మా తెలుగువాళ్ళ సంఘం గదిలో రెండు ఇనప బీరువాల లైబ్రరీ ఉంది. ఆదివారాలు తాళం తీసి కూర్చోవడం నా పని. పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళకంటే మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఆ ఆదివారం స్మృతి నగర్ నుంచి మా బావ మనవరాలు వచ్చింది. బావ అంటే చుట్టం కాదు. పాతికేళ్ళు నాతో కలిసి పనిచేసిన మనిషి, క్యాంప్ 1 కాలనీలో మా పక్కింటివాడు. పిల్ల కాలేజీలో చదువుతోంది. బల్ల మీదున్న పేపర్లో, అడవిలోంచి వచ్చి తుపాకులు అప్పగించినవాళ్ళ ఫోటో చూసి అడిగింది.

"తాతా, వీళ్ళకి అసలు ఏటి కావాలి? ఇన్నేళ్ళు ఎందుకు లడాయి చేశారు?"

నాకు అలాంటి ప్రశ్న దొరకడమే పండగ. పదో తరగతితో చదువాపి ఖలాసీగా చేరినవాణ్ణి. తర్వాత చదివిందంతా ఆ రెండు బీరువాల చలవే. అరగంట చెప్పాను. మన శ్రీకాకుళం కొండల్లో షావుకార్లు గిరిజనుల భూములు ఎలా రాయించుకున్నారో, వెట్టిచాకిరి ఎలా చేయించుకున్నారో చెప్పాను. ఆ మంట చల్లారాక దాని నిప్పు గోదావరి దాటి ఇటు అడవుల్లోకి ఎలా వచ్చిందో చెప్పాను. దున్నేవాడికి భూమి అన్నది వాళ్ళ మొదటి మాట అనీ, పల్లెల్ని పట్టుకుని పట్నాల్ని చుట్టుముట్టి తుపాకీతో రాజ్యాన్ని తీసుకోవడం చివరి మాట అనీ చెప్పాను.

పిల్ల ఓపిగ్గా విని, "తాతా, యే సబ్ తో ఫోన్లో ఉంది" అంది. "మీరు ఆ జంగిల్లో డ్యూటీ చేశారు కదా. రాయి మీద ఏదో రాసి పోలీసులకి దొరికిపోయారంట. మా తాతనడిగితే నవ్వుతాడు గానీ చెప్పడు. మీరు చూసింది చెప్పండి."

చూసింది కొంచెమే. అందులో సగం నా తప్పు. అందుకే ఇది రాయాలి. పిల్లలూ, మీలో చాలామందికి తెలుగు చదవడం రాదని తెలుసు. ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. వినిపించేవాళ్ళకి ఆ పూట టీ మీరు పెట్టండి.

మాది సర్వే పని. రైలు లైను వేయాలంటే ముందు నేల ఎత్తుపల్లాలు కొలవాలి. కొలవాలంటే కదలని చోటు ఒకటి కావాలి. వంతెన గోడో, పాతుకుపోయిన బండో చూసుకుని దానిమీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసి, గీతకి బాణం గుర్తు పెట్టి నంబరు వేస్తాం. సముద్రం నుంచి అది ఎంత ఎత్తులో ఉందో లెక్క కడతాం. దాన్ని బెంచ్‌మార్కు అంటాం. అక్కణ్ణుంచి ముందుకి ప్రతి కొలతా దాన్ని నమ్ముకునే నడుస్తుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఈ పాఠం ఆపేస్తాను. కొలతలు రాసే లెవెల్ బుక్కులో రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు. కింద తప్పు కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. చేరిన మొదటి వారంలోనే నాకు నేర్పిన పద్ధతి ఇది. బతుకులో ఎక్కడ వాడుకోవాలో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పదేళ్ళ పైమాటే. ఉక్కు ప్లాంటుకి పాత గనుల్లో ఖనిజం తరిగిపోతోందనీ, దక్షిణాన అడవిలో ఉన్న కొండ కావాలనీ, కొండ దాకా రైలు కావాలనీ అన్నారు. మా సర్వే పార్టీని పంపారు. ఇన్‌చార్జి కేరళాయన. మేం సాబ్ అనేవాళ్ళం. ఆయన హిందీ మాట్లాడితే నోట్లో కొబ్బరిముక్క ఉన్నట్టుండేది. కానీ వర్షంలో మా పరుపుల మీద కప్పడానికి తన టార్పాలిన్ ఇచ్చేసి తను గొడుగు కింద పడుకున్న మనిషి. లెవెల్, అంటే మూడుకాళ్ళ మీద నిలబెట్టే దుర్బిణి, చూసేది నేను. స్టాఫ్ పట్టుకునేది బావ. స్టాఫ్ అంటే అంకెలు రాసిన పొడుగాటి కొలకర్ర.

వెళ్ళిన రోజే సాబ్ మా ఇద్దరినీ పిలిచి చెప్పాడు. "మీరిద్దరూ వినండి. ఈ అడవిలో పెద్ద నక్సలైట్లు చాలామంది తెలుగువాళ్ళట. ఊళ్ళోవాళ్ళ ముందు తెలుగు మాట్లాడకండి. ముఖ్యంగా ఎవర్నీ అన్నా అని పిలవకండి. ఇక్కడ అన్న అంటే వాళ్ళే."

బావ తలూపాడు. మూడో రోజు సంతలో ఇప్పపువ్వు అమ్ముతున్న అతన్ని వెనకనుంచి, "అన్నా, కేజీ ఎంత?" అన్నాడు. సంతలో ఆ మూలంతా ఒక్కసారి మాట ఆగిపోయింది. అమ్మే అతను ఇప్పపువ్వు మూటకట్టి బావ చేతిలో పెట్టి, తక్కెడ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

"అలగ పారిపోనాడేటి బావా? నానేటన్నాను?" అన్నాడు బావ, తక్కెడ పట్టుకుని.

"నిన్ను పెద్ద నాయకుడనుకున్నాడు."

"నానా! ఇంట్లో మీ చెల్లి నా మాట ఇంటే గదా నాయకుణ్ణి!"

నవ్వుకున్నాం గానీ ఆ రోజు నుంచి నోళ్ళు కట్టేసుకున్నాం.

పని మొదలైన వారానికి మా మేకులు మాయమవడం మొదలైంది. లైను వెళ్ళే దారిలో కట్టె మేకులు పాతుతాం. పొద్దున్న వెళ్ళి చూస్తే ఒక్కటీ ఉండేది కాదు. అన్నీ పీకి, తీగతో మోపు కట్టి, ఒక మద్దిచెట్టు కింద పెట్టి ఉండేవి.

"ఎవుడో మంచోడే బావా," అన్నాడు బావ. "మనకి ఏరుకునే పని లేకండా మోపు కట్టీసినాడు."

నక్సలైట్లే అనుకున్నాం. సాబ్ కూడా అదే అనుకున్నాడు. నేను ఆ సాయంత్రం బావకి గట్టిగా క్లాసు తీసుకున్నాను. గనులు వస్తే అడవి పోతుందని వాళ్ళ వాదం, అందుకే లైను రానివ్వరు, మొదట బీడీ ఆకు రేటు కోసం, ఫారెస్టు గార్డుల జులుం మీద పోరాడి జనం నమ్మకం సంపాదించారు, ఇలా. బావ చుట్ట వెలిగించుకుని అంతా విన్నాడు.

"మా అయ్య ఒక్క మాటలో సెప్పీవోడు," అన్నాడు. "కొండల్లో గొడవలప్పుడు ఆళ్ళు తుపాకీ అట్టుకున్నారు, నాను బిలాయొచ్చి తట్ట అట్టుకున్నాను, ఇద్దరిదీ ఆకలే అనీవోడు. నీ బుక్కుల్లో ఆకలి ఏ పేజీలో ఉంది బావా?"

నాకు కోపం వచ్చింది. నిజం మాటకి వచ్చే కోపం అది.

ఆ మర్నాడే పద్నాలుగో బెంచ్‌మార్కు వేయాల్సి వచ్చింది. చుట్టూ మెత్తటి నేల, చిన్న చెట్లు. ఎక్కడా స్థిరమైనది లేదు. కాలిబాట పక్కన నిలువెత్తు రాయి ఒకటి, కొంచెం ఒక పక్కకి ఒరిగి, నాచుపట్టి నిలబడి ఉంది. చూడగానే తెలిసింది, మనుషులు నిలబెట్టిన రాయి. ఇలాంటి రాళ్ళ గురించి లైబ్రరీలో చదివాను. చచ్చిపోయినవాళ్ళ కోసం నిలబెడతారనీ, వేల ఏళ్ళ నాటివనీ ఆ పుస్తకంలో ఉంది. వేల ఏళ్ళ నాటివి కాబట్టి ఆ చచ్చిపోయినవాడి కొడుకు పక్క ఊళ్ళోనే బీడీ కాలుస్తూ ఉండవచ్చని నా బుర్రకి తట్టలేదు. చదువుకున్నవాడు చేసే తప్పు అది. చదువుకోని బావ మాత్రం, "దీన్ని సూత్తే దణ్ణం పెట్టాలనిపిస్తంది, రంగెయ్యాలనిపిస్తందా నీకు?" అన్నాడు. నేను వినలేదు.

బావ రంగు డబ్బా పట్టుకున్నాడు. గీత గీశాను, బాణం వేశాను. మామూలుగా ఇంగ్లీషులో బి.ఎం. అని రాయాలి. ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, తెలుగులో రాయాలనిపించింది. క్యాంప్ 1లో దుకాణాల బోర్డుల మీంచి తెలుగు పోయింది. మా పిల్లలకి తెలుగులో సంతకం రాదు. ఇక్కడ, కదలని రాయి మీద, నా అక్షరాలు కొన్నాళ్ళుంటాయి కదా అనుకున్నాను. సముద్ర మట్టం అంటాం కదా, ఆ మాట తీసుకుని "మట్టం 14" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కాస్త దూరంలో కట్టెలమోపుతో ఒక ముసలావిడ నిలబడి నన్నే చూసింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నోరు కట్టేసుకున్నాను గానీ చెయ్యి కట్టేసుకోలేదు.

పది రోజుల తర్వాత, టీ తాగుతుంటే ఆవిడే మా టెంటు దగ్గరికి వచ్చింది. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి కాకీ అనేవాళ్ళు. పిన్ని అన్నట్టు. ఆ పిలుపు విన్నప్పుడల్లా బావకి నవ్వాగేది కాదు. ఆ పొద్దు నవ్వలేదు. ఆవిడ నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"నా ఇంటాయన్ని పోలీసులు పట్టుకుపోయారు," అంది వాళ్ళ హిందీలో. "రాయి మీద ఎర్రగా రాసినది నువ్వే. నేను చూశాను."

సంగతి ఇది. పోలీసు క్యాంపులో పాతవాళ్ళు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు వచ్చి మూడు రోజులైంది. వాళ్ళు దారులు చూసుకుంటూ ఆ రాయి దగ్గరికి వెళ్ళారు. అడవిలో ఎర్ర రంగు, తెలుగు అక్షరాలు. ఒరిగిన రాయి మీద నా బాణం సూటిగా వాళ్ళ క్యాంపు వైపు చూపిస్తోంది. అదే సమయానికి కాకా, అంటే ఈవిడ భర్త, చేతిలో మా మేకుల మోపుతో అక్కడ నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం బండిలో జిల్లాకి పంపేస్తారట. ఒకసారి పంపి కేసు రాశాక తిరిగి వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ. వచ్చినవాళ్ళు కూడా ముసలివాళ్ళయి వచ్చారు.

సాబ్ మొహం పాలిపోయింది. "చూడు, నీకింక మూడేళ్ళ సర్వీసుంది. తెలుగువాడివి. నువ్వే రాశానంటే నిన్నూ లోపల కూర్చోపెడతారు. సర్వే ఆగిపోతుంది. పైవాళ్ళ చేత ఫోన్ చేయిస్తాను, ఆగు."

"ఆ ఫోను వచ్చీసరికి ఆయన జైల్లో ఉంటాడు సాబ్," అన్నాను.

"బావా, ఎళ్ళకు," అన్నాడు బావ. "మనం కొలతలోళ్ళం. కొలిసీసి ఎళ్ళిపోదాం."

ఆవిడ మా మాటలు అర్థం కాకపోయినా మొహాలు చూస్తోంది. నేను చెప్పులు వేసుకున్నాను. సాబ్ పెట్టె తెరిచి లెవెల్ బుక్కు తీసి ఇచ్చాడు. అది ఆయన చెయ్యి దాటకూడదని రూలు. "అసలుదే తీసుకెళ్ళు. నకలు నమ్మరు," అన్నాడు. బావ రంగు డబ్బా, కుంచె, కిరోసిన్ ఉన్న సంచీ భుజాన వేసుకుని మా వెనక నడిచాడు. ఊరి పొలిమేరలో చూస్తే సాబ్ కూడా గొడుగేసుకుని వస్తున్నాడు.

క్యాంపులో కాకా నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తువ్వాలుతోనే ఆయన చేతులు కట్టారు. ఆఫీసరు చిన్నవాడు, కళ్ళకింద నిద్రలేని నలుపు. పక్కన ఒక కానిస్టేబుల్. సరిహద్దు జిల్లాలో పనిచేసి తెలుగు నేర్చుకున్నవాడట.

"ఆ రాత నాది సార్," అన్నాను. "మట్టం పద్నాలుగు. లెవెల్ ఫోర్టీన్."

"అబద్ధం సాబ్," అన్నాడు కానిస్టేబుల్. "నాకు తెలుసు. మట్టుబెట్టడం అంటే ఖతం చేయడం. పద్నాలుగు మందిని ఖతం చేస్తామని రాశారు."

ఆ మాట అలా వినబడుతుందని నాకు కలలో కూడా తోచలేదు. "భయ్యా, మట్టు వేరు, మట్టం వేరు. చివర సున్నా ఉంది చూడు."

"సున్నా అంటే జీరో కదా?" అన్నాడు ఆఫీసరు చటుక్కున. "అంటే పద్నాలుగు కాదు, నూట నలభయ్యా?"

ఇప్పుడు మీరు నవ్వండి, పరవాలేదు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ క్యాంపులో ఉన్నది అంతకు తక్కువమందే.

లెవెల్ బుక్కు తెరిచాను. పద్నాలుగో నంబరు, ఆ రోజు తారీఖు, కాలిబాట పక్క నిలువు రాయి అని వివరం, ఎత్తు, నా సంతకం. ఆఫీసరు పేజీలు వెనక్కి తిప్పాడు. కొట్టివేతల దగ్గర వేలు పెట్టి ఇవేమిటన్నాడు. తప్పులు సార్, చెరపకూడదు, అందుకే ఉన్నాయి అన్నాను. కాగితం ఇచ్చి "మట్టం" పదిసార్లు రాయమన్నాడు. రాశాను. ఫోన్లో తీసిన రాయి ఫోటో పక్కన పెట్టుకుని నా "ట" వత్తు తోకని చాలాసేపు చూశాడు.

"పుస్తకంలో ఇంగ్లీషు రాశావు. రాయి మీద తెలుగెందుకు?"

ఉన్నది చెప్పాను. మా ఊళ్ళో పిల్లలు తెలుగు మర్చిపోతున్నారు సార్, ఎక్కడో ఒకచోట ఉండిపోతుందని రాశాను అన్నాను.

"నీకు నీ భాష మీద ప్రేమ," అన్నాడు నెమ్మదిగా. "చేతులు కట్టించుకున్నది ఆయన."

వాంగ్మూలం రాయమన్నాడు. రాసి సంతకం పెట్టాను. సాక్షి కావాలన్నాడు. బావ ముందుకొచ్చాడు. "నానూ పెడతాన్సార్. రంగు డబ్బా అట్టుకున్నది నానే." నేను వద్దన్నా వినకుండా సంతకం పెట్టాడు. ఆఫీసరు వదిలెయ్యమనగానే తనే కాకా చేతుల కట్టు విప్పాడు.

వెనక్కి వచ్చే దారిలో ఆ రాయి దగ్గర కాకా ఆగాడు. ఆయనే అడిగాడు. ఆయన హిందీ నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను.

"మా నాన్న మీద ఏం రాశావు?"

అప్పుడు తెలిసింది ఆ రాయి ఎవరో. "సముద్రం నుంచి ఈ చోటు ఎంత ఎత్తో రాశాను కాకా."

"మా నాన్న సముద్రం చూడలేదు." రాయి మీద చెయ్యి వేసి, "ఈ రాయే ఎందుకు?" అన్నాడు.

"మా పనికి కదలని చోటు కావాలి. ఈ చుట్టుపక్కల ఇదొక్కటే ఎప్పటికీ కదలదనిపించింది."

"మేమూ అందుకే పెట్టాం," అన్నాడు. "మరి మీ మేకులు దీని మీంచే పోతున్నాయి కదా."

పోతున్నాయి. నేనే దగ్గరుండి పాతించాను. మేకులు పీకినది నువ్వేనా అని అడిగాను. అవునన్నాడు. మరి మోపు కట్టి పెట్టావెందుకు అంటే, "మీ కట్టెలు మీవి. మాకెందుకు?" అన్నాడు.

అక్కడే బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. మేం కూడా కూర్చున్నాం. మా బావ మనవరాలు నన్నడిగిన ప్రశ్న ఆ రోజు నేను ఆయన్నడిగాను. అడవిలో వాళ్ళకి ఏం కావాలి?

"మొదట వచ్చినప్పుడు ఫారెస్టు గార్డు మా కోళ్ళు పట్టుకుపోవడం ఆపారు. ఆకు రేటు పెంచారు. మాకు బాగుంది. తర్వాత ఇంటికొక పిల్లనో పిల్లాణ్ణో ఇమ్మన్నారు. బడి గోడలు పడగొట్టారు. నా తమ్ముడి అల్లుణ్ణి, పోలీసులకి చెప్పావని చంపేశారు. అతను చెప్పలేదు." బీడీ దులిపాడు. "వాళ్ళకి ఢిల్లీ కావాలంట. ఢిల్లీ ఎక్కడుందో నాకు తెలీదు. మీకు కొండ కావాలి. పోలీసులకి వాళ్ళు కావాలి. నీకేం కావాలని నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు కూడా వాళ్ళకేం కావాలనే అడిగావు."

రెండు బీరువాల పుస్తకాల్లో నాకు ఆ వాక్యం దొరకలేదు. ఆ పుస్తకాలు అబద్ధం అనడం లేదు. అందులో కారణాలన్నీ ఉన్నాయి, లక్ష్యాలన్నీ ఉన్నాయి. కాకా మాత్రం లేడు.

నేను గుడ్డ, కిరోసిన్ తీశాను. సాబ్ ఆపాడు. "మొత్తం తుడిస్తే ఇది ఉత్త రాయి. రేపు లైనువాళ్ళు పక్కకి తోసేస్తారు. బెంచ్‌మార్కుని ఎవరూ ఊరికే కదపకూడదు. పైనుంచి అనుమతి కావాలి. ఈయన్నే అడుగు." కాకాకి చెప్పాను. గుర్తు ఉంటే మీ నాన్న మీద రంగు ఉంటుంది, గుర్తు పోతే నాన్న ఉంటాడో లేదో చెప్పలేను, నీకేం కావాలి అని అడిగాను.

ఆయన బీడీని నేలకి రాసి ఆర్పాడు. "ఉండనీ. ఆ పోలీసు చదివిన మాట ఒక్కటే తీసెయ్."

తీసెయ్యడం నాకు చేతకాదు. నాకొచ్చిన పద్ధతి ఒక్కటే. కుంచె తీసుకుని, "మట్టం" మీద ఒకే ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన చిన్నగా సంతకం పెట్టాను. అదేమిటన్నాడు. మేం తప్పు చేస్తే ఇలా చేస్తాం కాకా, చెరపం, ఒప్పుకుంటాం అన్నాను. ఆయన లేచి వచ్చాడు. బావ చేతిలోని డబ్బాలో బొటనవేలు ముంచి, నా సంతకం పక్కన గట్టిగా నొక్కాడు. అది సాక్ష్యమో, ఫిర్యాదో, క్షమాపణ అందినట్టు రసీదో నేను అడగలేదు.

తర్వాత లైను ఆ చోట కొంచెం పడమటికి వంగింది. నేల మెత్తగా ఉందని మార్చామన్నారు ఇంజనీర్లు. సాబ్‌ని అడిగితే కొబ్బరిముక్క నవ్వు నవ్వి ఊరుకున్నాడు. అన్ని ఊళ్ళ రాళ్ళకీ ఆ అదృష్టం పట్టలేదు. అది కూడా రాయాలి.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకి దణ్ణాలు. పేరుపేరునా చెప్పాలి గానీ, ఆ అడవి సంగతుల్లో పేర్లు రాయకపోవడమే మేలని అక్కడే నేర్చుకున్నాను. పిలుపులతో చెప్తాను. చెయ్యి దాటకూడని పుస్తకం నా చేతిలో పెట్టిన సాబ్‌కి, డబ్బా పట్టుకున్నందుకు సంతకం పెట్టిన బావకి, మోకాళ్ళ నొప్పితో ఇదంతా విని "నాను అంత పిరికోణ్ణేటి, ఎళ్ళకు అన్నానా?" అని దబాయించిన అదే బావకి, ప్రశ్న అడిగిన అతని మనవరాలికి, నన్ను చూసి నవ్వకుండా నా ముందుకొచ్చి నిలబడిన కాకీకి.

కాకా పేరు కూడా రాయను. ఆయన సంతకం అక్కడే ఉంది, నా సంతకం పక్కన.